పని ఎప్పుడు ఆగుతుందో తెలియని రోజుల్లో సైట్‌కి వెళ్ళేవాళ్ళకి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నేను గాజువాక దగ్గర ఒక ప్లాంట్‌లో కాంట్రాక్ట్ వెల్డర్‌ని. మండుతున్న ఫర్నేసుని ఒక్క రోజులో ఆపేయలేరు. అందుకని మాలో కొందరికి పాస్‌లిచ్చి రమ్మన్నారు, మిగతావాళ్ళని ఇంట్లో ఉండమన్నారు. వెళ్ళినవాళ్ళకి జబ్బు భయం, ఉండిపోయినవాళ్ళకి కూలి భయం. పిలుపు వారానికోలా మారేది కాబట్టి నాకు రెండూ ఉండేవి. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఏం చేయాలో నాకు తెలిసింది చెబుతాను.

వెల్డింగ్, గ్యాస్ కటింగ్ చేసేవాళ్ళు షీల్డ్ కింద సర్జికల్ మాస్క్ పెట్టుకోవద్దు. అది ప్లాస్టిక్ పోగులతో చేసింది, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. దళసరి నూలు మాస్కే కట్టుకోండి. మన విశాఖ ఉక్కపోతకి గంటలో తడిసిపోతుంది, అప్పుడిక ఊపిరాడదు. రోజుకి మూడు తీసుకెళ్ళండి. అసలు జాగ్రత్త తప్పేది అన్నం దగ్గర. పని చేస్తున్నంతసేపూ మాస్క్ తీయని మేమే, క్యారేజీ విప్పగానే ఒకే బల్ల చుట్టూ చేరేవాళ్ళం. తర్వాత చెట్టు కింద ఎడంగా కూర్చోవడం అలవాటు చేసుకున్నాం. పక్కవాడికి ఆవకాయ ముక్క వేయకుండా తినడం కష్టంగానే ఉండేది.

అన్నిటికన్నా ముఖ్యం హాజరు. మా సూపర్‌వైజర్‌కి జ్వరం వచ్చి క్వారంటైన్‌కి వెళ్ళాడు, మస్టర్ (హాజరు పుస్తకం) ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా హెల్పర్‌కి తొమ్మిది రోజుల కూలి లేదన్నారు. నా జేబు డైరీ తీసి చూపించాను. చెమటకి అంచులు ముద్దయిపోయాయి గానీ బాల్‌పెన్ రాత చెదరలేదు: తేదీ, ఎ షిఫ్ట్, గేటు లోపలికి 5.50, కన్వేయర్ దగ్గర పైపు సపోర్ట్, నాతో ఎవరున్నారు. నాలుగు పేజీలు తిప్పి చూసి డబ్బులిచ్చారు. ఇలా రోజూ రాయండి. గేటు బయటికొచ్చాక ఆ పేజీ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి వాట్సాప్‌లో పంపండి, తేదీతో సహా అక్కడ ఉండిపోతుంది.

పీఎఫ్ సంగతి పని ఉండగానే సరిచూసుకోండి. 2020 మార్చి 28న కోవిడ్ అడ్వాన్సు తెచ్చారు: మూడు నెలల బేసిక్, డీఏ (కరువు భత్యం) గానీ ఖాతాలో 75 శాతం గానీ, ఏది తక్కువైతే అది, తిరిగి కట్టనక్కర్లేదు. నాకు ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒక్క అక్షరం తేడా. క్లెయిమ్ తిరిగొచ్చింది. సరిచేయడానికి అప్పట్లో కాంట్రాక్టర్ ఒప్పుకోవాలి, ఆయన ఆఫీసుకేమో తాళం. ఆ అడ్వాన్సు 2024లో ఆపేశారు గానీ, పీఎఫ్‌లోంచి ఏ డబ్బు తీయాలన్నా పేరు, బ్యాంకు ఖాతా సరిపోలాల్సిందే. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉన్నవాళ్ళకి పని పోతే, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద రోజు సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా ఇచ్చారు. మీ ఈఎస్‌ఐ నంబర్ కూడా డైరీ మొదటి పేజీలో రాసుకోండి.

పని పోతుందని టీ కొట్టు దగ్గర రోజుకో పుకారు పుట్టేది. రాత్రుళ్ళు ఆ టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. మీరు మాత్రం గేట్ పాస్ మీద గడువు తేదీ చూడండి. మా దగ్గర అది వర్క్ ఆర్డర్‌తోపాటే, అంటే కాంట్రాక్టర్‌కి పని అప్పగించిన కాగితం గడువుతోపాటే ముగిసేది. దానికి 20 రోజుల ముందే కాంట్రాక్టర్‌ని ‘రెన్యువల్‌కి పంపారా అండీ?’ అని అడగండి. సమాధానం నీళ్ళు నమిలినట్టుంటే, ఆ సాయంత్రమే వేరే సైట్లలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేయండి. పరవాడలో మందుల కంపెనీలు నడుస్తూనే ఉన్నాయి. నా పాస్ ముగియడానికి నాలుగు రోజుల ముందు అక్కడ పైప్‌లైన్ పనిలో చేరాను.