పిల్లలు తీసిన సైన్సు వీడియో ఎక్కడ చెడింది? లక్షణం, కారణం, పరిష్కారం

హైస్కూలు పిల్లల చేత మట్టిబొమ్మలు, అట్టముక్కలు, ఒక ఫోనుతో స్టాప్ మోషన్ వీడియోలు తీయించే సైన్సు టీచర్ల కోసం ఇది. అయిదుగురికో జట్టు, జట్టుకో ఫోను, ఒక పాఠ్యాంశం, నిమిషం వీడియో అనుకుని కింది కొలతలు ఇచ్చాం. పని చాలా సాదా: బొమ్మను కొంచెం జరపాలి, ఫొటో తీయాలి, మళ్లీ జరపాలి. సెకనుకు 2 ఫొటోల చొప్పున ఆడిస్తే నిమిషానికి 120 ఫొటోలు సరిపోతాయి. ఆస్ట్రేలియాలోని వులొంగాంగ్ యూనివర్సిటీలో గ్యారీ హోబన్ 'స్లోమేషన్' అని పేరు పెట్టి వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇదే. సినిమాలాగా సెకనుకు 24 పెట్టుకుంటే నిమిషానికి 1,440 ఫొటోలు కావాలి. రెండు మూడు పీరియడ్లలో తెమిలే పని కాదు.

వీడియో చేతికి రాగానే మొదట సౌండు తీసేసి చూడండి. మాటలు పుస్తకంలోంచి ఎత్తి రాయొచ్చు. కానీ ఈ ఫొటోకి, తర్వాతి ఫొటోకి మధ్య బొమ్మ ఎటు, ఎంత జరగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, పిల్లలే తేల్చుకోవాలి. అర్థం కాని చోటు అక్కడే బయటపడుతుంది. అలా చూశాక తప్పు కెమెరాదో, అవగాహనదో తెలిసిపోతుంది.

లక్షణం: బొమ్మ అదురుతోంది, వెలుగు హెచ్చుతగ్గులవుతోంది

అదురుకు కారణం వేలు. ఫొటో కోసం తెరను తాకిన ప్రతిసారీ ఫోను ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. రెండు వైపులా పుస్తకాల దొంతులు పేర్చి, వాటి మధ్య రెండు స్కేళ్లు వంతెనలా వేసి, వాటి మీద ఫోనును కెమెరా కిందికి చూసేలా పడుకోబెట్టండి. 30 సెంటీమీటర్ల ఎత్తు చాలు. స్కేళ్లను, ఫోనును టేపుతో అంటించండి. తెర నొక్కకుండా 2 లేదా 3 సెకన్ల టైమరు పెట్టండి. వైరున్న ఇయర్‌ఫోను ఉంటే దాని వాల్యూమ్ బటను చాలా ఫోన్లలో ఫొటో తీస్తుంది. కింద పరిచిన చార్టు నాలుగు మూలల్నీ బల్లకు అంటించడం మరవద్దు. చార్టు జరిగినా అదురే.

వెలుగు మారడానికి కారణం వేరు. ఫోను ప్రతి ఫొటోకూ తనంతట తానే వెలుతురు సరిచేసుకుంటుంది. తెల్లని అట్టముక్క లోపలికి రాగానే మిగతాదంతా నల్లబడుతుంది. తెర మీద ఒక చోట వేలు అదిమి ఉంచితే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. లాక్ గుర్తు కనిపించాకే మొదలుపెట్టండి. కిటికీ వెలుగులో తీస్తే మబ్బు వచ్చిపోయినప్పుడల్లా తేడా కనబడుతుంది కాబట్టి కిటికీకి తెల్ల గుడ్డ కట్టండి. ఫొటో తీసేటప్పుడు అందరూ ఒక అడుగు వెనక్కి జరగాలి. బల్ల మీద వాలిన తల నీడ పది ఫొటోల్లో ఉండి పదకొండో దాంట్లో లేకపోతే అదే మిణుకు.

ఫొటోలో అడ్డంగా నల్లని చారలు వస్తే తప్పు దీపానిది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టరును 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. లేకపోతే పగటి వెలుతురులో తీయండి.

లక్షణం: బొమ్మ గంతులేస్తోంది

ఒక్కో ఫొటోకు ఎంత జరపాలో లెక్క వేసుకోకపోవడమే దీనికి కారణం. 24 సెంటీమీటర్ల దారిని 4 సెకన్లలో దాటించాలనుకుందాం. సెకనుకు 2 చొప్పున 8 ఫొటోలు, ఒక్కోదానికి 3 సెంటీమీటర్లు. బొమ్మ సైజే 2 సెంటీమీటర్లయితే అది మాయమై ఇంకోచోట తేలినట్టుంటుంది. బొమ్మ వెడల్పులో సగానికి మించి ఒకేసారి జరపకూడదనే నియమం పెట్టుకుంటే చాలు. ఇక్కడ 24 ఫొటోలవుతాయి. ఆ ఒక్క ముక్కను సెకనుకు 6 ఫొటోల చొప్పున ఆడిస్తే అదే 4 సెకన్లు. దారి మీద పెన్సిలుతో సన్నగా చుక్కలు పెట్టుకుంటే చెయ్యి తడబడదు.

మైనపు క్లే ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడి బొమ్మ కుంగిపోతుంది, దాన్ని ఉదయం పీరియడులో వాడండి. బంకమట్టి దీనికి ఎదురు, ఆరి పగులుతుంది. పీరియడుకీ పీరియడుకీ మధ్య తడిగుడ్డ కప్పి ఉంచండి.

లక్షణం: వీడియో చక్కగా ఉంది, ఒక్క ప్రశ్న వేస్తే నోరు పెగలదు

అన్నిటికన్నా ముఖ్యమైన సమస్య ఇదే. పైకి తప్పేమీ కనిపించదు కాబట్టి మార్కులు కూడా వచ్చేస్తాయి. ముందే గైడులోంచి వ్యాఖ్యానం రాసేసుకుని, ఆ మాటలకు తగ్గట్టు బొమ్మలు అమర్చి ఉంటారు. ఒకరు చదివారు, ఒకరు జరిపారు, ముగ్గురు చూశారు.

వరస తిప్పేయండి. ముందు ఒక కాగితం మీద 6 గళ్లు గీసి, మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే వేయమనండి. మొదటి గడి, ఆఖరి గడి పుస్తకంలో దొరుకుతాయి. నడిమి నాలుగూ వాళ్లే వేయాలి. వేశాక ఏ రెండు గళ్ల మధ్యో వేలు పెట్టి "ఇక్కడ ఏం జరిగింది? దేని వల్ల జరిగింది?" అని అడగండి. జవాబు రాని చోట ఇంకో గడి గీయించండి. ఫొటోలన్నీ అయ్యాకే వ్యాఖ్యానం. ఇంగ్లీషు మీడియం పిల్లలైనా మొదటి వ్యాఖ్యానం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పనివ్వండి. అర్థమైందో లేదో అప్పుడు దాగదు. ప్రతి 20 ఫొటోలకు పనులు మార్చండి: జరిపేవారు, ఫొటో తీసేవారు, గళ్ల కాగితంతో సరిచూసేవారు, లెక్క రాసేవారు, వెలుతురు చూసుకునేవారు.

లక్షణం: సమ విభజన వీడియోలో పిల్ల కణాలకు క్రోమోజోములు సగమయ్యాయి

సమ విభజన అంటే ఒక కణం అన్నే క్రోమోజోములున్న రెండు పిల్ల కణాలు కావడం. నాలుగు క్రోమోజోములతో మొదలై రెండు కణాల్లో రెండేసి మిగిలితే, పాఠం అర్థం కాలేదనే ముందు బొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. క్రోమోజోమును 'ఎక్స్' ఆకారంలో ఒకే ముద్దగా చేసి ఉంటారు. చలనదశలో (క్రోమోజోములు విడిపోయి కొసలకు జరిగే దశ) విడదీయాల్సింది ఆ 'ఎక్స్'నే. ముద్దగా ఉన్నది విడదు. దాంతో పిల్లలు చేయగలిగింది చేస్తారు: రెండు 'ఎక్స్'లను ఇటు, రెండిటిని అటు తోస్తారు. బొమ్మ కట్టిన తీరే తప్పు పాఠం చెప్పిందన్నమాట.

కొలతలతో మళ్లీ కట్టించండి. రెండు రంగుల క్లేతో సన్నని తీగలు చేయాలి. ఒక్కో రంగులో 6 సెంటీమీటర్లవి రెండు, 4 సెంటీమీటర్లవి రెండు, మొత్తం 8 తీగలు. ఒకే రంగు, ఒకే పొడవున్న జంటను పక్కపక్కన పెట్టి, నడిమిన ఒక ఆవగింజ ఉంచి మెల్లగా నొక్కండి. ఆవగింజ ఉన్న చోటు సెంట్రోమియర్, ఒక్కో తీగ ఒక్కో క్రోమాటిడ్. ఒక రంగు తల్లి నుంచి, రెండోది తండ్రి నుంచి వచ్చినవి. చలనదశ ఫొటోలో ఆవగింజ తీసేసి తీగలను విడదీయాలి. అప్పుడు లెక్క 4 నుంచి 8 అవుతుంది, ఒక్కో కొసకు నాలుగేసి చేరతాయి. లెక్క రాసేవారు ప్రతి దశలో ఆ అంకె రాయాలి: 4, 4, 8, చివరికి 4 చొప్పున రెండు కణాలు.

మరో మూడు తప్పులు ఇక్కడే దొర్లుతాయి. మధ్యస్థదశలో (క్రోమోజోములు కణం నడిమిన నిలబడే దశ) ఒకే పొడవున్న తల్లి, తండ్రి క్రోమోజోములను జోడీగా ఎదురెదురు నిలబెడితే అది క్రోమోజోముల లెక్క సగమయ్యే క్షయకరణ విభజన అయిపోతుంది. సమ విభజనలో నాలుగూ ఒకే వరసలో నిలబడాలి. విడిపోయిన తీగలను తిన్నని కర్రల్లా జరిపితే లాగుతున్నది ఏదో తెలియదు. కణంలో ఒక కొస నుంచి ఇంకో కొసకు సాగే కండె తంతువులు సెంట్రోమియర్‌ను పట్టి లాగుతాయి కాబట్టి నడుము ముందు, చేతులు వెనక, 'వి' ఆకారంలో జరపాలి. కణం అంచుకు 65 సెంటీమీటర్ల దారాన్ని గుండ్రంగా పరిచి, చివర్లో నడిమికి నొక్కితే జంతుకణం బాగానే కుదురుతుంది. ఉల్లివేరు కణమని పేరు పెట్టి అలా నొక్కితే మాత్రం తప్పు. మొక్క కణంలో మధ్యనుంచి అంచులకు కొత్త గోడ ఏర్పడుతుంది. దారం అలాగే ఉంచి, మధ్యలో చిన్న క్లే ఉండలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవాలి.

లక్షణం: చంద్రకళల వీడియోలో చంద్రుడి మీద పడుతున్నది భూమి నీడ

పైనుంచి తీసిన వీడియోలన్నిటా ఇదే పొరపాటు. పైనుంచి చూస్తే చంద్రుడు ఎప్పుడూ సగం వెలుగు, సగం చీకటే. కళలు అక్కడ కనిపించవు, కాబట్టి పిల్లలు ఎక్కడో ఒక నీడ తెచ్చి పెడతారు. కెమెరాను భూమి ఉండే చోటికి దించండి. గదిలో ఒక్క బల్బు, దానికి 2 మీటర్ల దూరంలో తిరిగే స్టూలు, దాని మీద ఫోను. 6 సెంటీమీటర్ల తెల్ల బంతిని పుల్లకు గుచ్చి, ఫోను చుట్టూ 60 సెంటీమీటర్ల దూరంలో 45 డిగ్రీలకో చోటు చొప్పున 8 చోట్ల నిలపండి. బంతి ఎక్కడుంటే స్టూలును అటు తిప్పి ఫొటో తీయండి. బల్బు వైపు తిరిగి నిలబడితే అమావాస్య తర్వాత బంతి ఎడమకు జరగాలి. కుడికి జరిపిన జట్టుకు శుక్లపక్షం బదులు కృష్ణపక్షం వస్తుంది.

పౌర్ణమి ఫొటోలో బంతి నల్లగా వచ్చిందా? ఫోను నీడ దాని మీద పడింది. పిల్లలను అక్కడే ఆపి ఆ నీడ ఎవరిదని అడగండి. అది గ్రహణం! బంతిని అర అడుగు పైకెత్తితే నిండు చంద్రుడు వస్తాడు. చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు ఒరిగి ఉండబట్టే ప్రతి పౌర్ణమికీ గ్రహణం పట్టదన్న సంగతి చేతిలో బంతితోనే తేలుతుంది. బంతిని సగం నలుపు, సగం తెలుపు రంగు వేసి వాడే జట్లు తెల్ల వైపును కెమెరాకే తిప్పి ఉంచుతారు. అది ఎప్పుడూ బల్బు వైపే ఉండాలి. ఇంటి క్యాలెండరులో తిథులున్నాయి కదా, వీడియోను దాంతో సరిచూడమనండి: శుద్ధ విదియ నెలవంక పొద్దుగూకాక పడమట కనబడాలి, పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకే వేళకు తూర్పున లేవాలి.

దూరాల విషయంలో కూడా మోసపోతారు. భూమిని 4 సెంటీమీటర్ల ఉండ చేస్తే చంద్రుడు సెనగగింజంత, 1.1 సెంటీమీటరు. వాటి మధ్య దూరం 1.2 మీటర్లు. సూర్యుడు 4.4 మీటర్ల గోళమై 470 మీటర్ల అవతల ఉంటాడు. ఫ్రేములో పట్టదు కాబట్టి వీడియోలో 'దూరాలు కొలత ప్రకారం లేవు' అన్న చీటీ ఒకటి పెట్టించండి.

లక్షణం: పెసల మొలక టైమ్‌లాప్స్ సగంలో ఆగింది

గాజు గ్లాసు గోడకు, తడి దూదికి మధ్య నానబెట్టిన పెసలు ఉంచి, 10 నిమిషాలకో ఫొటో చొప్పున 48 గంటలు తీస్తే 288 ఫొటోలు వస్తాయి. సెకనుకు 12 చొప్పున ఆడిస్తే 24 సెకన్ల వీడియో. ఫోను ఛార్జరుకు పెట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచకపోతే రాత్రి బ్యాటరీ అయిపోతుంది, లేదా ఎవరో ఫోను చేస్తారు. రాత్రి ఫొటోలు నల్లగా రాకుండా కిటికీ మూసి, ఒకే బల్బు రేయింబవళ్లు వెలగనివ్వండి. మొలక రాక కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువై గాలి ఆడలేదు. దూది తడిగా ఉండాలి గానీ అడుగున నీళ్లు నిలవకూడదు. మధ్యలో గ్లాసును పక్కకు పడుకోబెట్టారా, పారేయకండి. వేరు కొస మళ్లీ కిందికి వంగడం ఆ ఫొటోల్లో ఉంటుంది.

లక్షణం: బంతి పడే వీడియో నుంచి తీసిన 'జి' విలువ 0.15 వచ్చింది

'జి' అంటే భూమి ఆకర్షణ వల్ల పడే వస్తువు వేగం పెరిగే రేటు, 9.8 రావాలి. స్లో మోషన్ ఫైలే దీనికి మూలం. ఫోను సెకనుకు 240 ఫ్రేములు పట్టి, 30 చొప్పున ఆడిస్తుంది. ఫ్రేముకు 1/240 సెకను వేయాల్సిన చోట 1/30 వేస్తే కాలం 8 రెట్లు పెరుగుతుంది, 'జి' 64 రెట్లు తగ్గుతుంది. 9.8ని 64తో భాగిస్తే సరిగ్గా అదే అంకె. విలువ 8 గానో 12 గానో వస్తే స్కేలు ఉన్న చోటు చూడండి. స్కేలు గోడకు, బంతి గోడకు అడుగు ముందు ఉంటే కొలత తప్పుతుంది. రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి, కెమెరా కనీసం 2 మీటర్లు వెనక్కి జరగాలి. మామూలు 30 ఫ్రేముల వీడియోలో మూడేసి ఫ్రేములకు బంతి వదిలిన చోటి నుంచి 4.9, 19.6, 44.1, 78.4 సెంటీమీటర్ల దగ్గర కనబడాలి.

చిన్నవి, వెంటనే సరయ్యేవి

గొంతు వినబడకపోతే ఫ్యాను ఆపి, ఫోను నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి విడిగా రికార్డు చేయండి. ఖాళీ గది మోగుతుంది, పుస్తకాల బీరువాలున్న గది మేలు. నిమిషానికి 90 మాటలు దాటితే పిల్లలు పరుగెత్తుతారు. వాట్సాప్‌లో పంపితే బొమ్మ మసకబారుతోందా? వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపించండి. ముఖాలు లేకుండా చేతులు మాత్రమే తీయండి, సినిమా పాట వెనక పెట్టనివ్వకండి.

తప్పు దొరికాక మొత్తం మళ్లీ తీయించక్కర్లేదు. తప్పున్న ముక్క ఏ ఫొటో నంబరు నుంచి ఏ నంబరు వరకో లెక్క రాసినవారి కాగితంలో ఉంటుంది. ఆ పది ఇరవై ఫొటోలే మార్చి రెండో కాపీ చేయించండి. మొదటి కాపీని చెరపనివ్వకండి. మార్కులు వేసేటప్పుడు రెండూ పక్కపక్కన ఆడించి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో జట్టులో ఎప్పుడూ మాట్లాడని పిల్లవాణ్నో పిల్లనో అడగండి.