వార్డు రౌండ్స్‌లో క్లినికల్ ఫార్మసిస్టు ఎలా పనిచేయాలి

మందుల పొరపాటును ఆపడానికి అన్నిటికన్నా అనువైన సమయం వైద్యుడు ఆ మందును రాస్తున్న సమయమే. చీటీ ఫార్మసీకి చేరి, అక్కడ ఎవరో లోపాన్ని గమనించి, ఫోనులో వైద్యుడు దొరికేలోగా మొదటి మోతాదు రోగి శరీరంలోకి వెళ్లిపోయి ఉండవచ్చు. అమెరికాలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఫార్మసిస్టు వైద్యులతో పాటు రౌండ్స్‌లో (రోగులను ఒక్కొక్కరినీ చూస్తూ వార్డులో తిరగడంలో) పాల్గొన్నప్పుడు, మందులు రాయడంలోని లోపాల వల్ల కలిగే నివారించదగిన హాని 66 శాతం తగ్గింది. అక్కడ ఫార్మసిస్టు చేసిన 366 సూచనల్లో 362 సూచనలను వైద్యులు అంగీకరించారు. నా దృష్టిలో ఈ రెండో అంకె మరింత విలువైనది. సరైన సమాచారం సరైన వేళకు అందితే వైద్యులు దానిని కాదనరు. ఆ సమాచారంతో సిద్ధంగా వెళ్లడం ఎలాగో కొత్తగా వార్డులో చేరిన ఫార్మసిస్టుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

రౌండ్స్ మొదలవడానికి కనీసం ఒక గంట ముందు వార్డుకు చేరుకోండి. అందరి కేస్ షీట్లనూ ఒకే లోతున చదివే వ్యవధి ఉండదు కాబట్టి, మూత్రపిండాలు లేదా కాలేయం దెబ్బతిన్నవారు, వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, రాత్రి కొత్తగా చేరినవారు, ఇన్సులిన్, హెపారిన్, వార్ఫరిన్, మార్ఫిన్, పొటాషియం క్లోరైడ్ వంటి ప్రమాదకరమైన మందులు వాడుతున్నవారు ముందు వరుసలో ఉండాలి.

కొత్తగా చేరిన రోగి ఇంటి దగ్గర ఏ మందులు వాడుతున్నారో మీరే స్వయంగా కనుక్కోవాలి. "ఏ మందులు వేసుకుంటున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటే సగం సమాచారమే వస్తుంది. చుక్కల మందులు, పీల్చే మందులు, వారానికి ఒకసారి వేసుకునే మాత్రలు, సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలు, మూలికా మందులు, వీటన్నిటి గురించి పేరుపేరునా అడగండి. కంటి చుక్కలను చాలామంది మందుగా లెక్కించరు, కానీ గ్లాకోమాకు వాడే టిమొలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇచ్చే మెథోట్రెక్సేట్ చార్టులో రోజువారీ మందుగా నమోదైతే ప్రాణాపాయమే. రోగి చెప్పినదానిని పాత చీటీలతోనో, తెచ్చిన మాత్రల అట్టలతోనో, ఇంట్లో మందులు ఇచ్చేవారి మాటతోనో సరిచూసుకోండి. ఎలర్జీ ఉందని చెబితే, ఏ మందుకు, ఎన్నేళ్ల క్రితం, సరిగ్గా ఏమి జరిగిందో రాయండి. పెన్సిలిన్ వల్ల కడుపులో తిప్పడం వేరు, గొంతు వాచి ఊపిరి ఆడకపోవడం వేరు.

తరువాతి పని మోతాదుల పరిశీలన. ఇక్కడ మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్ష అయిన క్రియాటినిన్ అంకెను మాత్రమే చూసి తృప్తిపడకండి. 78 ఏళ్ల వయసు, 45 కిలోల బరువు ఉన్న ఒక స్త్రీకి క్రియాటినిన్ డెసీలీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. చూడటానికి అది పెద్దగా కలవరపెట్టే అంకె కాదు. కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం ప్రకారం 140లోంచి వయసును తీసివేసి, బరువుతో గుణించి, 72తో గుణించిన క్రియాటినిన్‌తో భాగించి, స్త్రీ కాబట్టి 0.85తో గుణిస్తే, ఆమె మూత్రపిండాల శుద్ధి సామర్థ్యం (క్రియాటినిన్ క్లియరెన్స్) నిమిషానికి సుమారు 27 మిల్లీలీటర్లే అని తేలుతుంది. రక్తం గడ్డకు చికిత్సగా ఆమెకు ఎనోక్సాపారిన్ 45 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాసి ఉంటే, 30 కన్నా తక్కువ సామర్థ్యం ఉన్నవారికి అది రోజుకు ఒకసారే ఇవ్వాలి. ఆ తేడాను పట్టించుకోకపోతే రక్తస్రావం జరగవచ్చు. క్రియాటినిన్ గంటగంటకూ మారుతున్న రోగిలో ఈ సూత్రం నమ్మదగినది కాదు. అప్పుడు మూత్రం పరిమాణాన్ని, ముందురోజుల అంకెలను కలిపి చూడాలి.

మందుల మధ్య పరస్పర చర్యల విషయంలో కంప్యూటర్ చూపే ప్రతి హెచ్చరికనూ రౌండ్స్‌లో వినిపిస్తే, అసలైనది చెప్పే వేళకు ఎవరూ వినరు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌కు మెట్రోనిడజోల్ లేదా కో-ట్రైమాక్సజోల్ తోడైతే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే అంకె) పెరుగుతుంది, కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్‌ను యాంటీబయాటిక్ అయిన క్లారిత్రోమైసిన్‌తో కలిపి వాడకూడదు. ఇలాంటివి తప్పక చెప్పండి. ముక్కుగొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్న రోగికి నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను పొడిచేసి ఇస్తున్నారేమో నర్సులను అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఎన్నో అనర్థాలను బయటపెడుతుంది.

చెప్పే తీరు కూడా నేర్చుకోవలసినదే. గమనించిన సమస్య, దానికి ఆధారం, మీరు సూచించే మార్పు, ఆ తరువాత గమనించవలసిన పరీక్ష, ఈ నాలుగూ రెండు మూడు వాక్యాల్లో రావాలి. "డాక్టర్ గారూ, నాలుగో బెడ్ అమ్మగారి క్రియాటినిన్ క్లియరెన్స్ 27 వచ్చింది. ఎనోక్సాపారిన్ 45 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారికి తగ్గిస్తే మంచిదనుకుంటున్నాను. క్రియాటినిన్, హీమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రేపు మళ్లీ చూద్దాం." మార్పు సూచించకుండా "ఈ మోతాదు ఎక్కువ" అని ఊరుకుంటే వైద్యుడికి పని పెరుగుతుందే తప్ప సాయం అందదు. రోగి ముందు, జూనియర్ డాక్టర్ల ముందు ఎవరినీ తప్పుపట్టవద్దు. సమాధానం తెలియని ప్రశ్న వస్తే, చూసి చెబుతానని చెప్పి, అన్న వేళకు చెప్పండి. సూచనను అంగీకరించకపోతే కారణం వినండి, మీకు తెలియని వైద్యపరమైన అవసరం అక్కడ ఉండవచ్చు. కానీ సిరలోకి మాత్రమే ఇవ్వవలసిన క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌ను వెన్నులోకి ఎక్కించబోవడం వంటి ప్రాణాంతక పరిస్థితిలో మొహమాటానికి తావులేదు. మందును అక్కడే ఆపించి, పై వైద్యుడిని పిలవాలి.

మధ్యాహ్నం మళ్లీ చార్టు తెరిచి, ఒప్పుకున్న మార్పులు నిజంగా నమోదయ్యాయా, నర్సులకు చేరాయా అని చూడండి. నోటితో అంగీకరించి చార్టులో రాయడం మరిచిపోయిన మార్పులు ప్రతి వార్డులోనూ కనిపిస్తాయి.

డిశ్చార్జి రోజున ఇంటి మందుల పాత జాబితాను, కొత్త చీటీని పక్కపక్కన పెట్టి, ప్రతి మందునూ కొనసాగించాలా, ఆపాలా, మార్చాలా తేల్చండి. ఐసీయూలో కడుపు పుండ్లు రాకుండా మొదలుపెట్టిన పాంటోప్రజోల్ అవసరం తీరిన తరువాత కూడా నెలల తరబడి ఇంట్లో కొనసాగేది ఇక్కడ ఎవరూ అడగనందువల్లే. ఆపేసిన మందుల పేర్లు కూడా చీటీలో స్పష్టంగా ఉండాలి, లేకపోతే రోగి ఇంటికి వెళ్లి పాత డబ్బాలోంచి మళ్లీ మొదలుపెడతారు. చివరగా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వారినే తిరిగి చెప్పమనండి. తడబడిన చోట ఆగి, మాత్రను చేతికిచ్చి, ఇంకోసారి వివరించండి.