వాయిద్యాల రికార్డింగుకి కండెన్సర్ మైక్ ఎలా ఎంచుకోవాలి?

మైక్ కొనే ముందు, రికార్డింగ్ చేయబోయే గదిలో రెండు నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. ఫ్యాన్ చప్పుడు, బయట బండ్ల మోత... కండెన్సర్ మైక్ వీటిలో ఏదీ వదలదు. తర్వాత గట్టిగా ఒక చప్పట కొట్టండి. శబ్దం కాసేపు మోగుతూ ఉంటే, ముందు మందపాటి కర్టెన్లు, తివాచీ సర్దుకోండి. ఆ పని చేయకుండా ఎంత ఖరీదైన మైక్ తెచ్చినా రికార్డింగులో గది మోతే వినిపిస్తుంది.

మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే కేబుల్ గుండానే మైక్‌కి అందే కరెంటు, ఉందో లేదో చూసుకోండి. అది లేనిదే చాలా కండెన్సర్లు పనిచేయవు.

ఇక డయాఫ్రమ్, అంటే శబ్దం తగిలి కంపించే మైక్ లోపలి పలుచని పొర సంగతి. సుమారు ఒక అంగుళం ఉంటే పెద్దది, అర అంగుళం అంతకన్నా తక్కువైతే చిన్నది. సన్నగా, పొడుగ్గా ఉండే చిన్నవాటినే పెన్సిల్ మైక్ అంటారు. తీగ మీటిన క్షణం, విల్లు తగిలిన తాకిడి వీటిలో చాలా స్పష్టంగా పలుకుతాయి. గిటార్, వయొలిన్ కోసమే అయితే నేను చిన్నదే తీసుకోమంటాను. అదే మైక్‌తో పాట కూడా పాడాలంటే పెద్దది మేలు.

స్పెసిఫికేషన్లలో అందరూ ఫ్రీక్వెన్సీ అంకెలే చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది సెల్ఫ్ నాయిస్, అంటే మైక్ తనంతట తాను చేసే సన్నని రొద. వేళ్లతో మెల్లగా మీటే గిటార్‌కి అది 15 డీబీఏ (మన చెవికి వినిపించే తీరులో కొలిచిన డెసిబెల్స్) లోపు ఉండాలి, 10 లోపు ఉంటే మరీ మంచిది. 20 దాటిందంటే, స్వరం సన్నగిల్లే చోట 'స్‌స్‌స్' అని బయటపడుతుంది. డ్రమ్స్, ట్రంపెట్ లాంటివాటికి ఈ రొదతో పెద్ద ఇబ్బంది లేదు. వాటికి మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్, అంటే శబ్దం చెడకుండా మైక్ తట్టుకోగల గరిష్ఠ మోత, 130 డెసిబెల్స్ పైన ఉండాలి, మైక్ సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ స్విచ్ కూడా ఉంటే టెన్షన్ ఉండదు.

ప్యాటర్న్, అంటే మైక్ ఏ వైపు శబ్దాన్ని పట్టుకుంటుందనే విషయంలో ఎక్కువ ఆలోచించొద్దు. మామూలు గదికి, ప్రధానంగా ముందు వైపు శబ్దాన్ని పట్టుకునే కార్డియాయిడ్ చాలు.

మైక్ చేతికొచ్చాక గిటార్ 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే పట్టీ) ఎదురుగా, జానెడు నుంచి అడుగు దూరంలో పెట్టండి. సౌండ్ హోల్ (గిటార్ మీది గుండ్రటి రంధ్రం) ముందు పెడితే బేస్ గుమ్మని ఉబ్బిపోతుంది. ఒక్క తీగ మీటి, అది పూర్తిగా ఆగేదాకా రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్‌లో ఆ చివరి మూడు సెకన్లు వినండి. నచ్చకపోతే వెంటనే వాపసు పంపకండి, మైక్‌ని నాలుగు వేళ్ల మేర పక్కకి జరిపి మళ్లీ మీటి చూడండి.