చారిటీ గోల్ఫ్ ఆడబోతున్నారా? ఆరు వారాల్లో ఒళ్ళు సిద్ధం చేసుకోవడం ఎలా?

చారిటీ గోల్ఫ్ అంటే మనవాళ్ళకు చులకన. డబ్బు మంచి పనికి పోతుంది, మధ్యాహ్నం భోజనం పెడతారు, ఆట ఎట్లున్నా పర్వాలేదు అనుకుంటారు. ఏడాదంతా ముట్టని క్లబ్బుల (బంతిని కొట్టే గోల్ఫ్ కర్రల) సంచి డిక్కీలో పడేసి అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు బయలుదేరతారు. మూడు గంటలకు పైగా కారులో ముడుచుకుని కూర్చుంటారు. దిగీ దిగగానే ఉన్న క్లబ్బుల్లో అన్నిటికన్నా పొడుగుది తీసి బలమంతా పెట్టి ఊపుతారు. మర్నాడు మంచం మీంచి లేవాలంటే పక్కన మనిషి కావాలి.

18 హోల్స్, అంటే బంతిని చేర్చాల్సిన గుంతలు, అన్నీ నడిచి ఆడితే 8 నుంచి 10 కిలోమీటర్ల నడక. చారిటీ పోటీల్లో సాధారణంగా అన్ని జట్లనూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెట్టిస్తారు, దీన్నే షాట్‌గన్ స్టార్ట్ అంటారు. మైదానం నిండా జనమే కాబట్టి ఆట ఐదు గంటలు దాటిపోతుంది. ఆరు వారాలు పెట్టుకుంటే మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఎవరైనా దీనికి సిద్ధం కావచ్చు. గుండె జబ్బు, బీపీ, పాత డిస్కు నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టండి.

కావలసినవి

నాలుగున్నర అడుగుల వంకర లేని కర్ర, వీపు లేని స్టూలు, ఒక తువ్వాలు, గోడ, రెండు కిలోల ఇసుక సంచి. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి రెండు కొసలూ గట్టిగా కుట్టేస్తే సంచి తయారు. కర్రే ఉండాలి, ప్లాస్టిక్ పైపు వద్దు. పైపు మీ వీపుతో పాటే వంగుతుంది, తప్పు చెప్పదు. కర్ర, గోడ వ్యాయామాలు బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో చేయండి.

నడక, కాళ్ళు

ఇది సులభం. వారానికి ఐదు రోజులు నడవండి. మొదటి వారం 30 నిమిషాలు, తర్వాత వారానికి పదేసి నిమిషాలు పెంచుకుంటూ ఐదో వారానికి 70 నిమిషాలకు రండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో చదును మీద తిరిగితే సగం పనే అవుతుంది. గోల్ఫ్ మైదానం ఎత్తుపల్లాలు. వారంలో రెండు రోజులు గుట్టదారి ఎక్కి దిగండి, లేదా మేడ మెట్లు పట్టండి. నాలుగో వారం నుంచి వీపున ఐదు కిలోల బరువుతో నడవండి, పోటీలో మీ సంచిని కేడీ (సంచి మోసే సహాయకుడు) మోసినా సరే.

గుంజీళ్ళు పన్నెండు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు. ఒంటికాలి మీద నిలబడటం ఒక్కో కాలికి 30 సెకన్లు. పళ్ళు తోముకుంటూ చేసినా చాలు.

తుంటి దగ్గర వంగి, వీపుతో తిరగడం

నూటికి తొంభై మంది పాడు చేసేది ఇక్కడే, కాబట్టి ఇది నిదానంగా చదవండి.

మన వెన్నులో నడుము భాగానికి ఐదు పూసలు. ముందుకూ వెనక్కూ వంగడానికి వాటి కీళ్ళ అమరిక బాగుంటుంది. మెలి తిరగడానికి మాత్రం ఒక్కో పూసకు ఒకటి రెండు డిగ్రీలకు మించి చోటు లేదు. దాని పైన, పక్కటెముకలు అతుక్కున్న పన్నెండు పూసల వీపు ఎంతో ఎక్కువ తిరుగుతుంది. కింద తుంటి కీలు గిన్నెలో గుండులాంటిది, అది కూడా బాగా తిరుగుతుంది. అంటే గోల్ఫ్ ఊపులో తిరగాల్సినవి వీపు, తుంటి. నడుము వాటి మధ్య ఇరుసులా నిలబడాలి. ఇసుర్రాయి గుర్తు తెచ్చుకోండి. క్లబ్బు వెనక్కి పోయేటప్పుడు పై రాయి ఎక్కువ తిరుగుతుంది, కింది రాయి కొంచెమే. కొట్టేటప్పుడు మొదట కదిలేది కింది రాయి. రెండు రాళ్ళూ బిగుసుకుపోతే ఆ మెలికంతా ఇరుసు మీద పడుతుంది. రోజంతా కుర్చీలో, బండి మీద కూర్చునేవాళ్ళకు సరిగ్గా ఆ రెండే బిగుసుకుంటాయి. గోల్ఫ్ ఆడేవాళ్ళకు వచ్చే దెబ్బల్లో నడుము నొప్పి మొదటి వరసలో ఉండటంలో వింతేమీ లేదు.

మొదటి మెట్టు వంగడం. కర్రను వీపు వెంట నిలువుగా పెట్టుకోండి. ఒక చెయ్యి మెడ వెనక, ఇంకొకటి నడుము వెనక కర్రను పట్టుకోవాలి. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముక మీద. గోడకు వీపు చూపి, మడమలు జానెడు దూరంలో ఉంచి, మోకాళ్ళు కొంచెం సడలించండి. రెండు చేతుల్లో బిందెలున్నప్పుడు వెనక వాకిలిని ఎలా తోస్తారో అలా పిరుదులను గోడకేసి తొయ్యండి. తొడల వెనక లాగినట్టు అనిపించాలి. పిరుదులు గోడకు తగలగానే లేవండి. పది చొప్పున మూడు విడతలు. సులువైపోతే మడమలను నాలుగు వేళ్ళు ముందుకు జరపండి.

తప్పు ఎక్కడుందో కర్రే చెబుతుంది. తల దగ్గర వదిలేస్తే మెడ వాలుస్తున్నారు. కింది ఎముక దగ్గర వదిలేస్తే తుంటి కాకుండా నడుము వంగుతోంది, అసలు రోగం ఇదే. నడుము దగ్గర సందులో అరచెయ్యి అడ్డంగా పట్టేటంత ఖాళీ వస్తే నడుమును లోపలికి విరుస్తున్నారు, పొట్ట కాస్త బిగించండి. మోకాళ్ళు బాగా ముందుకొస్తే అది గుంజీ, వంగడం కాదు. మొదటి వారమంతా ఈ మెట్టు ఒక్కటే. విసుగు పుట్టి మూడో రోజే తిరగడానికి పోయేవాళ్ళే నాలుగో వారంలో బామ్ రాసుకుంటారు.

ఇంకో మాట. నిద్ర లేచిన వెంటనే ఇది చేయొద్దు. రాత్రంతా పడుకోవడం వల్ల డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే అప్పుడు ఒత్తిడి ఎక్కువ. లేచాక గంటన్నా గడవనివ్వండి. ముందు నడక, తర్వాత కర్ర. తలకిందులు చేయకండి.

రెండో వారం వీపు తిప్పడం. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి బిగించండి. కర్రను రొమ్ముకు అడ్డంగా పెట్టి చేతులు కట్టుకోండి. ఊపిరి వదులుతూ కుడికి తిరిగి, రెండు లెక్కపెట్టి, వెనక్కి రండి. తర్వాత ఎడమకు. ఒక్కో వైపు ఎనిమిది. నేల మీద ముగ్గుపిండితో రెండు వైపులా 45 డిగ్రీల గీతలు గీసుకుంటే కర్ర ఎక్కడిదాకా పోయిందో కనిపిస్తుంది. ఇక్కడ అందరూ చేసే దొంగతనం ఒకటుంది. ఒక మోకాలు ముందుకు జరుగుతుంది, కర్ర గీత దాటేస్తుంది, మొహం వెలిగిపోతుంది. అది వీపు తిరగడం కాదు, పిరుదులు జారడం. తువ్వాలు కదిలితే ఆ లెక్క కొట్టేయండి. కుదుపుతో తిరగొద్దు. 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ఆగిపోండి, రెండు వారాల్లో అదే పెరుగుతుంది.

తుంటి సంగతి కూడా అదే స్టూలు మీద తేలిపోతుంది. మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి జరపండి, తుంటి లోపలికి తిరుగుతుంది. కుడిచేతి ఆటగాడికి కొట్టేటప్పుడు బరువంతా పడేది ఎడమ తుంటి మీద. అది 30 డిగ్రీలు కూడా తిరగకపోతే బంతి ముందు నిలబడేటప్పుడే ఎడమ పాదం వేళ్ళను 20, 30 డిగ్రీలు బయటికి తిప్పి పెట్టండి. ఇంత చిన్న మార్పుతో నడుము మీద చాలా భారం తగ్గుతుంది. పాదాలు రెండూ సమానంగా ఉండాలని పట్టుబట్టే కోచులున్నారు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు చెప్పుకోమనండి.

మూడో వారం రెండూ కలపాలి. గోడకు పిరుదులు ఆనించి, తుంటి దగ్గర వంగి, చేతులు రొమ్ము మీద కట్టుకోండి. నాలుగు లెక్కపెడుతూ కుడికి తిరగండి, కుడి పిరుదు గోడను వదలకూడదు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నాలుగు లెక్కపెడుతూ ఎడమకు రండి, ఈసారి ఎడమ పిరుదు గోడకు ఆనాలి. రెండూ గోడను వదిలేశాయంటే ఒళ్ళు పైకి లేచిపోయింది. మైదానంలో బంతి నెత్తిన కొట్టి నేల మీద దొర్లించేది, నడుము పట్టుకుపోయేది ఈ ఒక్క తప్పుతోనే. ఆరు సార్లు చేసి, ఎడమచేతి వాటంగా ఇంకో ఆరు. నిదానంగా చేయలేనివాళ్ళు వేగంగా అసలు చేయలేరు.

తొడ వెనక, పక్కటెముకల చుట్టూ లాగినట్టుంటే మంచిదే. నడుములో పొడిచినట్టున్నా, కాల్లోకి తిమ్మిరి పాకినా ఆ రోజుకు ఆపేయండి. తిమ్మిరి మళ్ళీ వస్తే డాక్టరు దగ్గరికి పోండి.

ఇంత శ్రమ ఎందుకు, జిమ్ములో పొట్ట మెలితిప్పే వ్యాయామాలున్నాయిగా అంటారు. నేల మీద కూర్చుని కాళ్ళు లేపి బరువును అటూ ఇటూ తిప్పే వ్యాయామంలో నడుము వంగి ఉంటుంది, వంగిన నడుమే మెలి తిరుగుతుంది. తప్పించుకోవాల్సిన పనినే రోజూ సాధన చేసినట్టు. కూర్చుని తిరిగే మెషీన్లూ అంతే. రెండు క్లబ్బులు కలిపి పట్టుకుని ఊపడం ఇంకో జాడ్యం. అది మణికట్టును, మోచేతిని పీకుతుందే తప్ప తుంటికి ఏమీ నేర్పదు.

వేగం

గోడ పని ఒక్క తప్పు లేకుండా వచ్చాకే, నాలుగో వారంలో, ఇసుక సంచి తీయండి. కాంపౌండు గోడకు పక్కగా, నాలుగడుగుల దూరంలో నిలబడి, వంగి, తిరిగి, సంచిని గోడకేసి విసరండి. ఒక్కో వైపు ఐదు, మూడు విడతలు, మధ్యలో నిమిషం విరామం, వారానికి రెండు రోజులు. ప్రతి విసురూ పూర్తి వేగంతో ఉండాలి. మూడు కిలోలు దాటొద్దు. బరువు పెరిగితే వేగం చస్తుంది, నడుము సాయానికి వస్తుంది. చివరి విసుర్లు పోటీకి ఐదు రోజుల ముందే అయిపోవాలి, కొత్తగా పెట్టిన కండరం నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. ఆఖరి వారం నడక, కర్ర, గోడ, అంతే.

పోటీ రోజు

జాతీయ రహదారి 44 మీద బెంగళూరు పోయేవాళ్ళు పెనుకొండ దగ్గర ఒకసారి, చిక్కబళ్ళాపురం దగ్గర ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. కుదిరితే ముందు రాత్రే వెళ్ళి పడుకోండి. ఆటకు రెండు గంటల ముందు ఉగ్గాని తినండి, బజ్జీలు మాత్రం తిరుగు ప్రయాణానికి దాచుకోండి. బెంగళూరు మనకన్నా చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా రెండు హోల్స్‌కు ఒకసారి గ్లాసెడు నీళ్ళో ఉప్పేసిన మజ్జిగో తాగండి. ఓఆర్‌ఎస్ పొడికి ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళే, పెద్ద ప్యాకెట్టుకైతే సరిగ్గా లీటరు, సగం నీళ్ళలో కలిపి చిక్కగా తాగితే మేలు కన్నా కీడే. ఒకవేళ పోటీ మన ఎండల్లోనే జరిగితే పది, పద్నాలుగు రోజుల ముందు నుంచి ఆట జరిగే పూటే నడవండి, ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి అంత కాలం పడుతుంది.

టీ దగ్గర, అంటే హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోట, పన్నెండు నిమిషాలు: ఐదు వడిగా నడక, పది గుంజీళ్ళు, పది వంగడాలు, క్లబ్బు రొమ్ముకు అడ్డం పెట్టి ఒక్కో వైపు ఎనిమిది తిప్పడాలు, తర్వాత చిన్న క్లబ్బుతో సగం వేగం ఊపులు పది. కాలు లాగి నిమిషం సేపు పట్టుకునే స్ట్రెచింగ్ ఇక్కడ వద్దు. ఆటకు ముందు అది కండరం చురుకును తగ్గిస్తుంది, రాత్రికి చేసుకోండి. "ఏం కాదులేన్నా, రెండు ఊపులు ఊపితే అదే సర్దుకుంటుంది" అనేవాళ్ళు పక్కనే ఉంటారు. వాళ్ళను ముందు కొట్టనివ్వండి.

చారిటీ ఆటలో ఎక్కువగా పెట్టేది స్క్రాంబుల్. నలుగురూ కొడతారు, అందులో మంచి బంతి ఎక్కడ పడిందో అక్కడి నుంచి మళ్ళీ నలుగురూ కొడతారు. ఊపులు తగ్గుతాయి, నిలబడి కాచుకోవడం పెరుగుతుంది. ఒళ్ళు చల్లబడేది ఆ కాచుకోవడంలోనే. పది నిమిషాలు ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఐదు వంగడాలు, ఐదు తిప్పడాలు చేసి బంతి దగ్గరికి పోండి. డబ్బు కట్టి కొనుక్కునే మల్లిగన్లు, అంటే రెండో అవకాశం కొట్టుళ్ళు, చందా కోసం కొనండి, అన్నీ వాడాలని లేదు.

ఒక హోల్ దగ్గర ఎవరు ఎక్కువ దూరం కొడతారో పోటీ కూడా పెడుతుంటారు. ఐదారు వారాల కష్టం ఒక్క ఊపులో పోయేది అక్కడే. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో దూరం కొట్టడంలో అందరికన్నా వెనక వరసలో ఉండి కూడా 4వ స్థానంలో నిలిచింది. ఆ హోల్‌లో కూడా మిగతా హోల్స్‌లో ఊపినంతే ఊపండి. ఆట అయ్యాక కారెక్కే ముందు పది నిమిషాలు నడవండి, వెనక సీటులో కాళ్ళు ముడుచుకుని నిద్రపోకండి.