జబ్బు నయమయ్యాక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటుంటే

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులూ దారిలోనే శుద్ధులయ్యారు. వెనక్కి తిరిగొచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడింది మాత్రం ఒక్కడే, యూదులు పరాయివాడిగా చూసే ఒక సమరయుడు. "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్న మాట విన్నదీ అతనే. ఒళ్లు బాగుపడడం వేరు, లోపల భయం, చేదు వదలడం వేరు. కృతజ్ఞత కూడిక, అంటే దేవునికి కృతజ్ఞత చెప్పేందుకు నలుగురూ కలిసి చేసుకునే ప్రార్థన, ఈ రెండోదాని కోసం.

డిశ్చార్జి అయిన వారంలోనే పెట్టేయాలని తొందరపడొద్దు. కోలుకున్న మనిషి గంటసేపు నొప్పి లేకుండా కూర్చోగలిగాకే తేదీ అనుకుని పాస్టర్ గారికి చెప్పండి. చాపలు, కుర్చీలు ఎన్ని వేసినా, ఆ మనిషికి వెనక దిండు పెట్టిన కుర్చీ ఒకటి ఉండాలి. అలసిపోతే లేచి వెళ్లేందుకు గుమ్మం పక్కనే వేయండి.

అసలు పని సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు గురించి నలుగురి ముందు చెప్పే మాటలు, సిద్ధం చేసుకోవడమే. రెండు రోజుల ముందు కాగితం తీసుకుని, జబ్బు మొదలైన రోజు నుంచి జ్ఞాపకమున్నవి రాయండి. "దేవుడు నన్ను బాగుచేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వినేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకీ ఏమీ అంటదు. "మూడో రోజు రాత్రి జ్వరం దిగలేదు, వదిన తెల్లవార్లూ తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది" అని రాయండి. రక్తమిచ్చిన కుర్రాడు, అర్ధరాత్రి ఆటో తెచ్చిన పక్కింటాయన, చారన్నం క్యారియర్ పంపిన ఇల్లు, వార్డులో నర్సమ్మ, అందరూ ఆ కాగితం మీదికి రావాలి. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లుంటే వాళ్లనీ పిలవండి. దేవుడు వాళ్ల చేతులతోనే కదా ఆదుకున్నాడు!

భయపడిన రాత్రి గురించీ రాయండి. కీర్తన 13లో ఉన్నవి ఆరు వచనాలే. "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడిగాకే పాట దగ్గరికొస్తుంది. ఏడుపును మింగేసి చెప్పిన స్తుతి గొంతులోనే ఆగిపోతుంది.

రాసింది పైకి చదివితే ఐదారు నిమిషాలు దాటకూడదు. సాధారణంగా సాక్ష్యం దారితప్పేది మూడు చోట్ల: ఆసుపత్రి బిల్లుల లెక్కలు, చూడ్డానికి రాని బంధువుల మీద ఎత్తిపొడుపులు, "నా విశ్వాసం గట్టిది కాబట్టే బతికాను" అనడం. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. ఆ గదిలోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూర్చుని ఉండొచ్చు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు దేవుణ్ని వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు? మాట్లాడలేనంటే బలవంతపెట్టకండి, ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆ కాగితం చదివితే చాలు.

కూడిక గంటలో ముగియాలి. రెండు పాటలు, కీర్తన 103లో మొదటి ఐదు వచనాలు, సాక్ష్యం, పదిహేను నిమిషాల వాక్యం (పాస్టర్ గారి ప్రసంగం), ప్రార్థన. వాక్యం ఎంతసేపో పాస్టర్ గారితో ముందే మర్యాదగా అనుకోవాలి, అప్పటికప్పుడు సైగలు చేస్తే ఇద్దరికీ ఇబ్బంది. కానుక కవరు మౌనంగా ఇవ్వండి, అందులో ఎంతుందో పైకి చదివించొద్దు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కూడిక అయిందని మాత్రలు మానేయకండి. డాక్టరు ఆపమన్నప్పుడే ఆపాలి.

భోజనం అప్పు చేసి పెట్టక్కర్లేదు, పులిహోర, పెరుగన్నం చాలు. లేవీయకాండము 7వ అధ్యాయం ప్రకారం కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. అంత మాంసం ఒక్కరోజులో అవ్వాలంటే నలుగురినీ పిలవాల్సిందే మరి. మీరూ మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఇంకా మంచం దిగని మనిషున్న ఇంటికి ఆ రాత్రే క్యారియర్ పట్టుకెళ్లండి. పది నిమిషాలు పక్కన కూర్చోండి. మీ సాక్ష్యం అక్కడ మళ్లీ చెప్పకండి, వాళ్లు చెప్పేది వినండి.