అమెరికాలో కోవిడ్ సాయం ఏ ఫార్మ్‌కి ఎంత వెళ్లిందో వెతకడం ఎలా

2020లో కోవిడ్ దెబ్బకి అమెరికా ప్రభుత్వం రైతులకిచ్చిన డబ్బు లెక్కలు చాలావరకు నెట్‌లోనే ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, కాకపోతే అన్నీ ఒకేచోట దొరకవు.

ముందు ఏ డబ్బు కావాలో తేల్చుకోండి. పెద్దవి రెండు. ఒకటి వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) నేరుగా ఇచ్చిన సీఎఫ్ఏపీ (కరోనా వైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్), ఏప్రిల్‌లో 1,600 కోట్ల డాలర్లతో ప్రకటించారు, సెప్టెంబర్లో రెండో విడత పెట్టారు. రెండోది పీపీపీ లోన్లు (పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్, చిన్న వ్యాపారాలు జీతాలు ఆపకుండా ఉండటానికి), బ్యాంకుల ద్వారా ఎస్‌బీఏ అనే చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ ఇప్పించినవి, చాలావరకు మాఫీ అయిపోయాయి కూడా.

సీఎఫ్ఏపీ అనగానే అందరూ ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పెట్టే సైట్ యూఎస్ఏ స్పెండింగ్ డాట్ గవ్‌కి పోతారు. మొత్తం ఖర్చు, ఏ కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఎంత లాంటివాటికి అది బానే ఉంటుంది. పేర్లు కావాలంటే మాత్రం లాభం లేదు, సొంత పేరు మీద తీసుకున్నవాళ్ల దగ్గర వ్యక్తిగత సమాచారం కాబట్టి తీసేశామనో, చాలామందిని కలిపేశామనో ఉంటుంది. దాచేశారని గొడవ మొదలెట్టకండి. యూఎస్‌డీఏ కిందే ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ సైట్లో సమాచార హక్కు (అక్కడ ఎఫ్ఓఐఏ అంటారు) పేజీకి వెళ్తే పేమెంట్ ఫైల్స్ అని ఎక్సెల్ షీట్లు ఉంటాయి, అసలు సరుకంతా అక్కడే ఉంది.

షీట్ తెరిస్తే డబ్బు అందుకున్నవాళ్ల పేరు, అడ్రస్, ఊరు, మొత్తం, తేదీ, ప్రోగ్రామ్ పేరు వరసగా కనిపిస్తాయి. ప్రోగ్రామ్ కాలమ్‌లో సీఎఫ్ఏపీ ఫిల్టర్ పెట్టి, తర్వాత పేరుతో సార్ట్ చేయండి. ఒకే మనిషికి నాలుగైదు వరసలు రావచ్చు, అన్నీ కూడితేనే అసలు లెక్క తెలుస్తుంది. ఆ అడ్రస్ చెక్కు వెళ్లిన చోటు, పొలం అక్కడే ఉందని అనుకోవద్దు, పైగా అది ఒకరి ఇల్లు అయ్యుండొచ్చు కాబట్టి ఎక్కడా పోస్ట్ చేయకండి.

ఇంకోటి, మొదటి విడతలో మనిషికి లిమిట్ 2,50,000 డాలర్లు. కానీ కంపెనీగా ఉండి, ముగ్గురు సభ్యులు ఒక్కొక్కరు 400 గంటలు పని చేసినట్టు చూపిస్తే 7,50,000 వరకు వచ్చేది. కాబట్టి పెద్ద నంబర్ కనపడగానే మోసం అనేయకండి, రూల్సే అలా రాసుకున్నారు, తిట్టాలంటే ఆ రూల్‌ని తిట్టండి.

పీపీపీ పేర్లు ఊరికే రాలేదు. 2020 జులైలో 1,50,000 డాలర్లు, ఆపైన లోన్లకే పేర్లిచ్చారు, మీడియా సంస్థలు కోర్టుకెక్కాక డిసెంబర్లో అందరివీ ఇచ్చారు. ఎస్‌బీఏ డేటా దించుకుని ఇండస్ట్రీ కోడ్ 111తో మొదలయ్యేవి (పంటలు), 112తో మొదలయ్యేవి (పశువులు, కోళ్లు) వెతకండి. ఆ కోడ్ ఎప్పుడూ కరెక్ట్‌గా ఉంటుందని లేదు, పేరుతో కూడా ఓసారి చూడండి. మాఫీ అయిన మొత్తం వేరే కాలమ్‌లో ఉంటుంది, లోన్ మొత్తంతో కలిపి కూడేయొద్దు.

అప్పటికీ దొరకకపోతే సమాచార హక్కు కింద అప్లై చేయండి, మామూలుగా గడువు 20 పనిదినాలు, ఆలస్యం కూడా మామూలే. ప్రోగ్రామ్, సంవత్సరం, కౌంటీ స్పష్టంగా రాసి, ఎక్సెల్లోనే ఇవ్వమని అడగండి. ఎవరి పొలం మ్యాపు, ఏ పంట ఎంత వేశారు లాంటివి మాత్రం అడగొద్దు, 2008 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ చట్టం) సెక్షన్ 1619 అడ్డొస్తుంది, అదే సెక్షన్ పేమెంట్ మొత్తాల్ని, తీసుకున్నవాళ్ల పేర్లని మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించింది, అది మీ లెటర్లో ఒక లైన్ రాసేయండి.