సర్వర్ లేవడం లేదా? ముందు డిస్క్ చూడండి

డేటాబేస్ స్టార్ట్ అయిన మరుక్షణమే పడిపోతుంటే, కాన్ఫిగ్ ఫైలు జోలికి వెళ్లకముందే, లినక్స్ సర్వర్లో డిస్క్ ఎంత నిండిందో చూపే ‘డీఎఫ్ -హెచ్’ కమాండ్ కొట్టండి. డిస్క్ నిండితే పీఐడీ ఫైలు (ప్రాసెస్ నంబరు ఉండేది), టెంప్ (తాత్కాలిక) ఫైలు ఏదీ రాయలేక సర్వీసు ఆగిపోతుంది. ఎర్రర్ రాయడానికే చోటుండదు కాబట్టి లాగ్‌లో కారణం దొరక్కపోవచ్చు. రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ఫైలు రాయగలిగాం కదా అని సరిపెట్టుకోకండి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో మామూలుగా 5% చోటు రూట్‌కే అట్టేపెడతారు, సర్వీసు యూజర్‌కి అది అందదు.

చోటున్నా ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటుంటే ‘డీఎఫ్ -ఐ’ చూడండి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుని ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున పట్టే రికార్డులు) 100% అయిపోయి ఉండొచ్చు.

ఖాళీ చేయడం, పాత సిస్టమ్ లాగ్‌లను 200 ఎంబీకి తగ్గించే ‘జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=200ఎం’తో మొదలుపెట్టండి, ప్రమాదం తక్కువ. ఏదైనా ప్రాసెస్ తెరిచి ఉంచిన లాగ్‌ని ‘ఆర్ఎం’తో తొలగిస్తే పేరు పోతుంది గానీ చోటు రాదు. ఆ ప్రాసెస్ ఫైలు మూసేదాకా అంతే. దాని బదులు, ఫైలుని ఉంచి లోపలిది ఖాళీ చేసే ‘ట్రంకేట్ -ఎస్ 0’ వాడండి. అలా తొలగించినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్లు ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’లో కనిపిస్తాయి.

పోస్ట్‌గ్రెస్ అయితే, ఎంత పెద్దగా కనిపించినా సరే, ‘పీజీ_వాల్’ ఫోల్డర్‌లోని ఫైళ్లను (డేటా మార్పుల లాగ్ ఇక్కడే ఉంటుంది) మాత్రం చేత్తో తీసేయకండి. డేటాబేస్ మళ్లీ లేవకుండా పోవచ్చు.